రేకు కట్టిన చేతులు, పట్టా లేని ఇల్లు
తుఫాను, చర్చి, దళితుని నివాసం: కొన్ని ప్రశ్నలు

గాలివాన వెలిసిన మర్నాడు మధిర చుట్టుపక్కల ఏ మాలపల్లెకు పోయినా, ఏ మాదిగపల్లెకు పోయినా ఒకటే దృశ్యం. లేచిపోయిన రేకుల్ని పొలాల్లోంచి ఏరుకొస్తున్న పిల్లలు. తడిసిన బియ్యం చాప మీద ఆరబోస్తున్న ఆడవాళ్లు. ఇంటి మీద ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, కింద నుంచి వాసాలు అందించేవాళ్లు. ఆ కుర్రాళ్లు కూలికొచ్చినవాళ్లు కాదు, చర్చి యువజన సంఘం వాళ్లు. "గట్టిగ కట్టు బిడ్డా, మళ్లొచ్చే గాలికి నేను మళ్ల ఏరుకోలేను" అంటది కింద నుంచి ఒక అవ్వ. "కడుతున్న అమ్మమ్మా, ఈసారి లేవది" అంటడు పైనున్నోడు.

ఈ పనిని సేవ అంటరు. కాదనేదేం లేదు. అయితే సేవ అన్న మాటతో మన ఆలోచన ఆగిపోకూడదు. ఎవరి చేతులు కడుతున్నయి? ఎవరి ఇల్లు కూలుతున్నది? ఎందుకు ప్రతిసారీ ఆ ఇల్లే కూలుతున్నది? కట్టిన తర్వాత ఆ ఇల్లు ఎవరి పేర ఉంటున్నది? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోకపోతే మనం దయను చూస్తం గానీ హక్కును చూడం.

మధిర సముద్రానికి దూరం. ఇక్కడికి ఉప్పెన రాదు. కానీ బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను తీరం దాటి బలహీనపడ్డాక కూడా దాని వాన ఇక్కడిదాకా వస్తది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ ఖమ్మం జిల్లాను తడిపి ముద్ద చేసింది. 2024 సెప్టెంబరు 1న వాయుగుండం వానకు మున్నేరు పొంగి ఖమ్మం పట్టణంలో ఇళ్లను ముంచింది. 2025 అక్టోబరులో మొంథా. పేపర్లో ఇవన్నీ వేర్వేరు వార్తలు. పల్లెకు మాత్రం ఒకటే వార్త: మళ్లీ ఇల్లు పోయింది.

సాయం ఎక్కడి నుంచి వస్తున్నది?

చర్చి సాయం అనగానే చాలామందికి విదేశీ డబ్బు గుర్తొస్తది. విదేశీ సంఘాల డబ్బు వచ్చిన మాట నిజమే, దాచేదేం లేదు. కానీ మన ప్రాంతంలో చర్చి ఎట్లా నిలబడిందో చూస్తే అసలు కథ వేరు. మధిరలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అడుగుపెట్టింది. పక్కనే డోర్నకల్. 1912లో అక్కడ వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ డయాసిస్‌లో చేరినవాళ్లలో అత్యధికులు మాలలు, మాదిగలు. వాళ్లకు కూలి తప్ప వేరే ఆదాయం లేదు. అట్లాంటి జనం చర్చిని పోషించింది 'పిడికెడు బియ్యం' తోటి. అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం దాన్ని గుడికి తెచ్చేది. రోజంతా నాట్లేసి వచ్చిన మనిషి తన గంజిలోంచి తీసిన పిడికెడు అది.

కాబట్టి తుఫాను తర్వాత ఇంటిమీదికెక్కిన కుర్రాడిని 'దాత' అనడం సరికాదు. వాడు కూడా రేకుల ఇంట్లో పుట్టినోడే. వాడి చేతికొచ్చిన తాపీపని, వడ్రంగం, తాటాకు కప్పే విద్య అన్నీ పల్లెవే. ఊరి మిద్దెల్ని కట్టిందీ ఆ చేతులే. చర్చి చేసిన పని ఏమిటంటే, ఆ చేతుల్ని ఒకచోటికి చేర్చి, కూలి లేకుండా తోటివాడి ఇంటికి పెట్టడం. ఇది చిన్న పని కాదు. వెట్టి చేసిన కులాలకు ఒకరికొకరు ఇష్టంతో చేసుకునే పని గొప్ప అనుభవం.

ఇల్లు ఎందుకు లేస్తది?

గాలి రేకును పైనుంచి తొక్కదు. చూరు కింద దూరి పైకి లేపుతది. కప్పు మీద నుంచి వేగంగా పోయే గాలి కూడా దాన్ని పైకే గుంజుతది. తలుపో కిటికీయో ఊడితే లోపలికొచ్చిన గాలి కింద నుంచి నెడతది. అందుకే చూరు ఎంత ముందుకుంటే అంత ప్రమాదం. కప్పు రెండు వాలులుగా ఉన్నదానికన్నా నాలుగు వైపులా వాలుగా ఉన్నది గాలిని బాగా తట్టుకుంటది. కోస్తాలో పాత చుట్టిళ్లను చూడండి. గుండ్రటి గోడ, కిందికి దిగిన తాటాకు కప్పు. గాలికి పట్టు దొరకదు. ఇంజనీర్లు తర్వాత చెప్పిన సంగతి పేదవాళ్లకు ముందే తెలుసు.

మరి తెలిసి కూడా ఎందుకు పోతున్నయి? రేకుకు బోల్టు వేయాలంటే డబ్బు కావాలి, అది లేక పైన రాళ్లు పెడతరు. గాలికి ఆ రాళ్లే మీద పడతయి. వాసాన్ని దూలానికి, దూలాన్ని గుంజకు, గుంజను నేలకు కట్టుకుంటూ పోవాలి. ఈ గొలుసులో ఒక్క ముడి ఊడినా కప్పు మొత్తం పోతది. మట్టిగోడ అడుగు నానితే గాలి లేకపోయినా కూలుతది. అడుగు నానకుండా ఉండాలంటే ఇల్లు మెరక మీద ఉండాలి. పల్లెకు ఊరోళ్లు వదిలింది పల్లం, వాగు ఒడ్డు, చెరువు కింది జాగా. అంటే కూలిన గోడ వెనక గాలి ఒక్కటే లేదు, కులం కూడా ఉన్నది.

దివిసీమ చెప్పిన పాఠం

ఈ సంగతి 1977 నవంబరు 19న దివిసీమలో పెద్ద ఎత్తున రుజువైంది. ఆ రోజు వచ్చిన ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తు లేచింది. సుమారు 10 వేల మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. జనం చెప్పుకునే లెక్క ఇంకా చాలా ఎక్కువ. వరి కోతల కాలం. డాబా ఉన్నవాడు డాబా ఎక్కాడు. గుడిసెలో ఉన్న కూలీ, సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుడు నీళ్లలో పోయారు.

ఆ తర్వాత సహాయానికి అందరూ వచ్చారు. దేశవిభజన నాటి కాందిశీకుల కోసం 1947లో చర్చిలు పెట్టుకున్న 'కాసా' వచ్చింది. కారిటాస్ ఇండియా, ఎఫికార్ వచ్చాయి. మదర్ థెరిసా వచ్చింది. రామకృష్ణ మిషన్ వచ్చింది, ఆర్.ఎస్.ఎస్. వచ్చింది. శవాలెత్తడం దగ్గర్నించి ఇళ్లు కట్టడం దాకా పని జరిగింది. దాన్ని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. బలహీన వర్గాలకు పక్కా ఇల్లు అన్న మాట ప్రభుత్వ భాషలో గట్టిపడింది.

కానీ ఒక విషయం గమనించాలి. నష్టం జాబితా రాసే గ్రామాధికారులు అప్పుడు ఎవరు? కరణం, మునసబు. వంశపారంపర్యంగా వచ్చిన పదవులు, పల్లెవాడు ఎన్నడూ కూర్చోని కుర్చీలు. ఆ వ్యవస్థ రద్దయింది 1984లో. కూలిన ఇంటికి సాయం రావాలంటే ముందు అది 'ఇల్లు' అని కాగితం మీద ఉండాలి. పోరంబోకు మీద వేసుకున్న గుడిసె కాగితంలో ఇల్లు కాదు, ఆక్రమణ. కౌలు చావిట్లో ఉన్న పాలేరు ఇల్లు అతని ఇల్లు కాదు, ఆసామి కొట్టం. చర్చి కుర్రాళ్లు ఈ తేడా చూడరు, కూలిన ప్రతి కప్పునూ కడతరు. అదే వాళ్ల బలం. ప్రభుత్వం మాత్రం కాగితం చూస్తది. మనం పోరాడాల్సింది అక్కడ.

ఇప్పటికీ ఇంతే. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. సొంత జాగా ఉంటే ఇంటికి 5 లక్షలు. మంచిదే. సొంత జాగా అని రుజువు చూపాల్సి వచ్చినప్పుడు తాత కాలం నుంచి పల్లంలో ఉన్నోడు ఏం చూపుతడు? కట్టిన రేకును చూపలేడు గదా.

రెండు పేర్ల మనిషి

ఇక దళిత క్రైస్తవుడి సంగతి ఇంకా చిక్కు. చర్చి రిజిస్టరులో మరియమ్మ, మండలాఫీసు సర్టిఫికెట్టులో లక్ష్మి అనుకుందాం. ఇంటిమీద పడ్డ గాలి ఒకటే, మనిషి మాత్రం కాగితాల్లో రెండు. ఈ రెండు పేర్ల బతుకు మోసం అంటరు కొందరు. నేననేది, ఆ బతుకును చట్టమే తయారు చేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై కేసు అందరూ తెలుసుకోవాలి. ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. సూసై క్రైస్తవుడని అతనికి ఇవ్వలేదు. మతం మారాక కూడా అంతే తీవ్రంగా వివక్ష ఉందని రుజువు చేయలేదంటూ 1985లో సుప్రీంకోర్టు అతని పిటిషన్ కొట్టేసింది. అదే చెప్పు, అదే ఆరె, అదే రోడ్డు. బంకు మాత్రం లేదు.

మన రాష్ట్రంలో ఒక చిన్న వెసులుబాటు ఉండింది. దివి ఉప్పెనకు మూడు నెలల ముందు, 1977 ఆగస్టు 30న, జీవో 341 వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, మన ఖమ్మం జిల్లా మనిషే. చట్టబద్ధం కాని రాయితీలు, అంటే ప్రభుత్వం తన ఇష్టంతో ఇచ్చే ఆర్థిక సహాయం వంటివి, క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలకు కూడా వర్తిస్తాయని ఆ జీవో చెప్పింది. ఉద్యోగ రిజర్వేషన్‌లో మాత్రం వాళ్లు బీసీ-సి. మధిర అసెంబ్లీ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు. ఇంటిమీదికెక్కి రేకు కట్టిన ఆ కుర్రాడు క్రైస్తవుడినని కాగితం మీద ఒప్పుకుంటే ఆ సీటుకు నామినేషన్ వేయలేడు. ఓటేయొచ్చు.

గాలి కూల్చిన ఇల్లు, మనుషులు కూల్చిన ఇల్లు

ఇక్కడ అసలు మాటకు వద్దాం. ఇల్లు గాలికే పోదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపితే మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. తలదాచుకున్నది చర్చి ఆవరణలో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. బతికినవాళ్లు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణకు చేరారు. తుఫానుకు తెరుచుకున్న తలుపే కులదాడికీ తెరుచుకుంది. అయితే చీరాల శిబిరం గంజికేంద్రంగా మిగిలిపోలేదు. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోంచే. శరణార్థులు ఉద్యమకారులయ్యారు.

గాలి కూల్చిన ఇంటిని బాగుచేయడానికి జాలి చాలు. మనుషులు కూల్చిన ఇంటికి చట్టం కావాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఎస్సీ, ఎస్టీలకే వర్తిస్తది. కొట్టేవాడు "నువ్వే దేవుణ్ణి మొక్కుతవ్" అని అడిగి కొట్టడు. కోర్టు మాత్రం అడుగుతది. మతం మారి పాస్టరైన వ్యక్తి ఈ చట్టం కింద రక్షణ కోరలేడని 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది.

చర్చి లోపల కూడా అంతా సమానం అనుకోవద్దు. మాల చర్చి, మాదిగ చర్చి అన్న మాట మనం వింటున్నదే. కథోలిక సంఘంలో రెడ్డి, కమ్మ క్రైస్తవులున్నారు. సహాయం పంచే కమిటీలో ఎవరు కూర్చున్నారు, జాబితాలో మొదటి పేరు ఎవరిది, చివర మిగిలిపోయింది ఎవరు అని అడగాలి. యానాది గుడిసెకు, చర్చికి రాని ఎరుకల ఇంటికి నిచ్చెన పోయిందా అని కూడా అడగాలి. అట్లా పోయిన చోట 'రేకులిచ్చి మతం మారుస్తున్నరు' అన్న నింద దానంతటదే రాలిపోతది.

చేయాల్సిన పని

మిత్రులకు నా సూచన ఇది. నిచ్చెనతోపాటు ఒక నోటుపుస్తకం కూడా తీసుకుపోండి. కట్టిన ప్రతి కప్పు కింద ఉన్న నేల ఎవరిదో రాయండి. పట్టా ఉందా, ఉంటే ఎవరి పేర ఉంది, ఆడమనిషి పేర ఎందుకు లేదు? నష్టం జాబితా పంచాయతీలో అందరికీ కనబడేలా అంటించమని అడగండి. పూర్తిగా కూలిందా, పాక్షికంగానా అని అధికారి రాసేటప్పుడు పక్కన నిలబడండి, ఆ ఒక్క మాటలోనే పరిహారం ఉంటది. దెబ్బతిన్న ఇంటికి బాగుచేయకముందే ఫొటో తీయండి, లేకపోతే మీ మంచిపనే వాళ్ల నష్టాన్ని చెరిపేస్తది. కట్టేటప్పుడు రాళ్లు పెట్టకండి, బోల్టులు వేయండి. పిడికెడు బియ్యంతో చర్చి కట్టుకున్నోళ్లం, పిడికెడు బోల్టులు కొనలేమా?

ఆ అవ్వ అడిగింది గట్టిగా కట్టమని. రేకును గట్టిగా కట్టడం మన కుర్రాళ్లకు వచ్చు. రేకు కింది నేలను, నేల మీది పేరును, పేరు వెనకున్న హక్కును కూడా అంతే గట్టిగా కట్టుకున్ననాడు ఆమె మళ్లీ ఏరుకోవాల్సిన పని ఉండదు.