29 నిమిషాల తుఫాను!

పద్నాలుగు పాటలు... మొత్తం కలిపి 29 నిమిషాలు! సినిమాహాల్లో విశ్రాంతి కార్డు పడేలోపే రికార్డు రెండు పక్కలూ అయిపోయి, మళ్ళీ మొదటి పక్కకు తిప్పుకోవచ్చన్నమాట. 1976 ఏప్రిల్‌లో నలుగురు న్యూయార్క్ కుర్రాళ్ళు విడుదల చేసిన తొలి ఆల్బమ్ ఇది. బృందం పేరు 'రమోన్స్'. ఆల్బమ్ పేరూ అదే.

జోయీ రమోన్, జానీ రమోన్, డీడీ రమోన్, టామీ రమోన్. అన్నదమ్ములనుకునేరు! ఒకే పేట కుర్రాళ్ళు, అంతే. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ ఒకప్పుడు పెట్టుకున్న 'పాల్ రమోన్' అనే మారుపేరు వీళ్ళకు నచ్చింది. నలుగురూ దాన్నే తగిలించుకున్నారు.

మొదట్లో డ్రమ్స్ వాయించింది జోయీ. ఆ వేగం అందుకోవడం అతని వల్ల కాలేదు. అతన్ని మైకు ముందు నిలబెట్టి, మేనేజరుగా ఉందామని వచ్చిన టామీయే డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. బృందం కుదిరింది!

రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనం పై అంతస్తులో ఉన్న ప్లాజా సౌండ్ స్టూడియోలో రికార్డింగు. సుమారు వారం రోజుల్లో పని ముగించేశారు. ఖర్చు 6,400 డాలర్లు. పెద్ద బృందాలు ఒక్క ఆల్బమ్‌కే నెలల తరబడి స్టూడియోల్లో కూర్చునే రోజులవి!

నన్నడిగితే ఈ ఆల్బమ్ గొప్పతనం ఒక్కటే. రానిదాన్ని వచ్చినట్టు వీళ్ళు నటించలేదు. వచ్చిన ఆ నాలుగు ముక్కలనే ప్రాణం పెట్టి వాయించారు. వీలైతే ఒక స్పీకరు ఆపేసి వినండి. ఒకవైపు జానీ గిటారు, రెండోవైపు డీడీ బాస్ విడివిడిగా వినిపిస్తాయి. వాయిద్యం నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి మాస్టారు దొరుకుతాడా? తర్వాత సెక్స్ పిస్టల్స్‌లో చేరిన సిడ్ విషస్, ఈ రికార్డు పెట్టుకునే బాస్ సాధన చేశాడని చెబుతారు.

మరి అమ్మకాలో? అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 111వ స్థానం దాటలేదు. కానీ 1976 జూలై 4న లండన్ రౌండ్‌హౌస్‌లో వీళ్ళు వాయిస్తే అక్కడి కుర్రకారు ఉర్రూతలూగిపోయింది. మరుసటి ఏడాదే ద క్లాష్, సెక్స్ పిస్టల్స్ తొలి ఆల్బమ్‌లు వచ్చాయి. 'మనమూ వాయించగలం' అన్న ధైర్యాన్ని ఎందరికో పంచిపెట్టిన రికార్డిది.

అమెరికాలో అయిదు లక్షల అమ్మకాలకిచ్చే గోల్డ్ గుర్తింపు మాత్రం 2014 ఏప్రిల్‌లో దక్కింది... విడుదలైన 38 ఏళ్ళకి! అప్పటికే జోయీ 2001లో, డీడీ 2002లో, జానీ 2004లో కన్నుమూశారు. ఆ కబురు వినడానికి మిగిలింది టామీ ఒక్కడే. ఆ జూలైలో అతనూ వెళ్ళిపోయాడు.

నలుగురూ లేరు. ఆ 29 నిమిషాలు మాత్రం ఉన్నాయి. వాటిలో ఇవాళ్టికీ వేగం తగ్గలేదు!