అనురాగమును వేధించు సంశయము

కట్టుకొన్నవానిపై తనకు గల ప్రేమ నిజమైనదేనా యను సందేహము ఏ యిల్లాలికైనను ఒకప్పుడు కలుగవచ్చును. కాని ఆ సందేహమే అహోరాత్రములు మనస్సును పీడించుచు, భర్త నవ్వినప్పుడెల్ల తన గుండె పొంగినదా లేదా యని పరీక్షించుకొనుటయు, 'మేము సరిజోడేనంటావా, అక్కా?' యని మాటిమాటికి తోబుట్టువును అడుగుటయు నిత్యకృత్యమైనచో, అది ప్రేమలోపము గాదు, స్త్రీపురుష భేదము లేక బాధించు ఓసీడీ యను మనోవ్యాధి దాల్చిన యొక రూపము. అట్టివారిని చపలచిత్తులని నిందించుట ఘోరమైన అన్యాయము. ఇజ్రాయెలునకు చెందిన మనస్తత్త్వవేత్త గై డోరన్, ఆయన సహచరులు 2012లో ఈ వ్యాధిరూపపు లక్షణములను కొలుచు ప్రశ్నావళిని ప్రకటించిరి. అక్క 'ఔనే' యన్నంతనే కలుగు ఊరట గడియసేపైనను నిలువదు. గోకినకొలది పెరుగు దురదవలె, సమాధానము దొరకినకొలది సంశయము బలియును. కనుకనే, 1966లో లండనునందు మనస్తత్త్వవేత్త విక్టర్ మేయర్ చూపిన మార్గమున, సందేహమును రానిచ్చియు ఎవరిని అడుగకుండుటను వైద్యులు క్రమముగ అభ్యసింపజేయుదురు. అవసరమైనచో మందులును ఇత్తురు.