గుర్రం వీపు కుర్చీ కాదు

గుర్రమెక్కడం వేరు, గుర్రం మీద కూచోవడం వేరు. మొదటిది కాస్త ధైర్యమున్న వాళ్ళెవరైనా చేస్తారు. మా చిక్కడపల్లి వీధుల్లో ముహూర్తాల రోజుల్లో చూడండి, జన్మలో ఎన్నడూ గుర్రాన్ని తాకి ఎరగని పెళ్ళికొడుకు సైతం బ్యాండుమేళం వెనకాల దర్జాగా ఊరేగుతాడు. రెండోది మాత్రం విద్య. ఆ విద్యలో పెద్ద చదువు పేరు డ్రస్సాజ్.

పేరు విని ఇదేదో దుస్తుల వ్యవహారం కాబోలు అనుకునేరు! మా అత్తగారు అలాగే అనుకున్నారు. అది ఫ్రెంచి మాట, తర్ఫీదు అని అర్థం. 60 మీటర్ల పొడుగూ 20 మీటర్ల వెడల్పూ ఉన్న ఇసుక బరిలో, రౌతు నోరు మెదపకుండా, చెయ్యి విసరకుండా గుర్రాన్ని నడిపించాలి, ఎగురు నడక నడిపించాలి, పక్కకు అడుగులు వేయించాలి, కట్టె విరిచినట్టు నిలబెట్టాలి. ఒక్కొక్క విన్యాసానికీ న్యాయనిర్ణేతలు సున్న నుంచి 10 దాకా మార్కులు వేస్తారు. చూసేవాళ్ళకు రౌతు ఏమీ చెయ్యనట్టే కనబడాలి. దీనికంతకూ పునాది కూచునే తీరు. ఇంగ్లీషువాళ్ళు సీటు అంటారు, మనం ఆసనం అనుకుందాం.

నలభై నాలుగేళ్ళ ఇల్లాలికి, రోజుకు ఎనిమిది గంటలు ఆఫీసు కుర్చీలో గడిపేదానికి, ఈ గొడవ ఎందుకని మావారు కూడా అడిగారు. కారణం ఒక ముసలి గుర్రం. ఏడాది క్రితం ఊరి శివారులో ఒక స్వారీ బడిలో చేరాను. పాఠం ఆదివారం ఒక్క గంట. మాకిచ్చే గుర్రం ఒక్క ఉదయంలో నలుగురైదుగురు కొత్తవాళ్ళను మోస్తుంది. ట్రాట్ అనే ఎగురు నడకలో కొత్తవాళ్ళు జీను మీద ఎగిరెగిరి పడుతూంటే, అది చెవులు వెనక్కి వాల్చి వీపు లోపలికి కుంగదీసుకుంటుంది. నోరులేని జీవి చెప్పుకోగల ఫిర్యాదు అంతే గదా! "గుర్రం వీపు కుర్చీ కాదమ్మా" అన్నారు మా ఉస్తాద్ మొదటి రోజునే. నా చదువుకయ్యే ఖర్చు ఆ వీపు మీద పడకూడదనిపించింది. అంచేత మిగిలిన ఆరు రోజులూ పుస్తకాలూ వీడియోలూ పట్టుకున్నాను.

రికాబు లేనినాటి పాఠం

చిత్రమేమిటంటే, ఉస్తాద్ చెప్పిన మాటే క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ కూడా చెప్పాడు. అశ్వారోహణ మీద అతను వ్రాసిన చిన్న గ్రంథంలో, రౌతు కుర్చీలో కూచున్నట్టు కాక, కాళ్ళు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడ్డ మనిషిలా ఉండాలంటాడు. అదీ గ్రీకులు రికాబు అన్నది ఎరగని కాలంలో! మనవాళ్ళకూ గుర్రాల శాస్త్రం కొత్త కాదు. విరటుని కొలువులో నకులుడు దామగ్రంథి పేరుతో అశ్వశాలను చూసుకున్న కథ మన ఇళ్ళలో అందరికీ తెలుసు. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో ఒక గ్రంథమే వ్రాశాడు.

కుర్చీ ఆసనం ఎందుకు పనికిరాదో 1933లో జర్మనీలో వెలువడిన మ్యూసెలర్ స్వారీ పుస్తకం నాకు బాగా బోధపరచింది. కాళ్ళు ముందుకు పోతే బరువు జీను వెనక అంచు మీద పడుతుంది. ఒళ్ళు గుర్రం నడకకు వెనకబడుతుంది. నిలదొక్కుకోవడానికి చేతులు పగ్గాలు పట్టుకుని వేలాడతాయి. ఆ లాగుడు తిన్నగా పోయి కళ్ళెం ఉన్న నోటికి తగులుతుంది. అంటే మన నడుము చేసిన పాపం గుర్రం నోరు అనుభవిస్తుందన్నమాట. సరైన ఆసనంలో చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి, మేస్త్రీ గోడకు గుండుతాడు వేలాడదీసి చూసినట్టు.

కదలని మనిషి కదలిక

ఇక వీడియోలు. వియన్నా నగరంలో శతాబ్దాల నాటి స్పానిష్ రైడింగ్ స్కూలు ఉంది. అక్కడి రౌతులు తెల్లగుర్రాల మీద కూచున్న తీరు చూస్తే చెక్కిన బొమ్మలే అనిపిస్తుంది. సరే, మనమూ బొమ్మలా బిగదీసుకుని కూచుంటే పోలేదా? పోదు! వీడియోతో వచ్చే చిక్కంతా ఇక్కడే.

ట్రాట్‌లో గుర్రం ఒక ముందుకాలూ, దానికి ఎదురు మూల వెనక్కాలూ కలిపి వేస్తుంది. తరవాత రెండో జత. రెండు జతలకూ నడుమ ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయి. అంచేత వీపు ప్రతి అడుగుకూ లేచి దిగుతుంది. బిగుసుకున్న మనిషిని ఆ వీపు బంతిలా ఎగరేస్తుంది. తొడలతో నొక్కి పట్టుకుంటే మరీ పైకి తేలతాడు. వియన్నా వీడియోను నాలుగో వంతు వేగంలో పెట్టి చూశాను. అప్పుడు తెలిసింది రహస్యం. భుజాలు కదలడం లేదు గాని, నడుము పట్టీ ప్రతి అడుగుకూ ముందుకూ వెనక్కూ ఊగుతోంది, మడమ కిందికి దిగుతోంది. గుర్రంతో సమంగా కదులుతున్నాడు గనుక కదలనట్టు కనిపిస్తున్నాడు.

ఇది మనకు తెలియని సంగతా? తరంగం ఆడే కూచిపూడి నర్తకిని తలచుకోండి. ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు, తల మీద నీళ్ళ చెంబు. కింద అంత సందడి జరుగుతున్నా చుక్క తొణకదు. మోకాలూ చీలమండా తుంటీ ఆ కుదుపును పంచుకుంటాయి గనుకే మెడ నిశ్చలంగా ఉంటుంది.

కంటికి కనబడేది వీడియో చెబితే, ఒంటికి తెలియవలసింది పుస్తకం చెబుతుంది. అమెరికాలో శాలీ స్విఫ్ట్ అనే ఆవిడ చిన్నప్పటి నుంచీ వెన్నెముక వంకరతో బాధపడింది. అందువల్లనే కాబోలు, ఒంటి తూకం గురించి ఆవిడకు తెలిసినంతగా ఇతరులకు తెలియలేదు. ఉద్యోగ విరమణ తరవాత స్వారీ బోధన చేపట్టి, 1985లో పుస్తకం వెలువరించింది. ఆవిడ సూత్రాలు నాలుగే: చూపు మెత్తగా ఉంచు, ఊపిరి బిగబట్టకు, బరువును నాభి కింద నిలుపు, ఒంటి భాగాలను ఇటుక మీద ఇటుకలా పేర్చుకో.

మెట్రోలో అశ్వారోహణ

ఈ పుస్తకాలు నేను చదువుకునేది అశోక్‌నగర్ పక్కనున్న నగర కేంద్ర గ్రంథాలయంలో. చుట్టూ పోటీపరీక్షల పిల్లలు తలెత్తకుండా చదువుతూంటారు. వాళ్ళలో ఎవరైనా ఐ.పి.ఎస్.కు ఎంపికైతే, శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో వాళ్ళకూ స్వారీ తప్పదు. ఆ సంగతి ఒక కుర్రాడికి చెబితే హడలిపోయాడు పాపం!

ఇంట్లో సాధన సులువే. గట్టి స్టూలు మీద కూచుని అరచేతులు కింద పెట్టుకుంటే రెండు ఎముకలు తగులుతాయి. నడుము ముందుకూ వెనక్కూ వంచితే అవీ దొర్లుతాయి. రెండింటి మీదా బరువు సమానంగా నిలిచే చోటే జీను మీద మన స్థానం. ఇక చిక్కడపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కి నారాయణగూడలో దిగేవరకూ కూచోను. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వదులుగా ఉంచి, చెయ్యి కమ్మీకి దగ్గరగా పెట్టుకుని నిలబడతాను. బండి కదిలినప్పుడూ ఆగినప్పుడూ వచ్చే ఊపును చీలమండలతో పుచ్చుకోవడమే అభ్యాసం.

అయితే ఒక్కమాట. ఏ పుస్తకమూ గురువును మాన్పించలేదు. వియన్నాలో కొత్త శిష్యులకు నెలల తరబడి రికాబులూ పగ్గాలూ ఇవ్వరు. గురువు పొడుగుపాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతూంటే వాళ్ళు కూచోవడమే నేర్చుకుంటారు. నాకూ ఉస్తాద్ ఆదివారం పావుగంట అదే పాఠం పెడతారు. మా అబ్బాయి పక్కనుంచి సెల్‌ఫోనులో వీడియో తీస్తాడు. మొదటి నెలలో నా మడమ తుంటికి జానెడు ముందుండేది, ఇప్పుడు రెండు వేళ్ళ దూరానికి వచ్చింది.

ఈ వయసులోనా అనేవారికి లిస్ హార్టెల్ కథ చెబుతాను. డెన్మార్క్ దేశస్థురాలు. 1944లో పోలియో సోకి మోకాళ్ళ కింద చచ్చుబడింది. గుర్రం మీదికి ఇతరులు ఎక్కించవలసిందే. 1948 ఒలింపిక్స్ వరకు డ్రస్సాజ్ సైనికాధికారులకే పరిమితం. 1952లో హెల్సింకీలో ఆడవాళ్ళకు తొలిసారి ప్రవేశం దొరికితే, ఆవిడ రజతం గెలిచింది! మనవాళ్ళూ తక్కువ తినలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వల్లా జట్టు డ్రస్సాజ్‌లో స్వర్ణం తెచ్చింది. 1982 తరవాత ఆసియా క్రీడల స్వారీలో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్ డ్రస్సాజ్ బరిలో దిగిన మొదటి భారతీయుడయ్యాడు అనూష్.

నేను పతకాలకు పోవడం లేదు సుమండీ! నాకు మార్కులు వేసేది ఆ ముసలి గుర్రమే. కిందటి నెలలో ఒక ఆదివారం, ట్రాట్‌లో రెండు చుట్లు తిరిగాక, అది మెడ ముందుకు చాచి, తల దించి, ముక్కుతో బుస్సుమని పెద్ద ఊపిరి వదిలింది. గుర్రం వీపు సడలితే అలా చేస్తుందట. "దానికి హాయిగా ఉందమ్మా, ఇంకో చుట్టు తిప్పండి" అన్నారు ఉస్తాద్.