కాగితముపై శిల్పము

కృష్ణాతీరమున సోమశిలలోని సోమేశ్వరాలయములు శ్రీశైలము జలాశయపు ముంపునకు లోనుకాకుండ తరలింపబడి, మరల గట్టున నిలుపబడినవి. రాతిపనిని కాపాడుకొనవలెనన్న తెలివిడి మనకు కలదు. కాని వారము వారము వచ్చి, చదివిన పిమ్మట అంగడిలో పొట్లములై పోవు పత్రికలయందు ఒక మహాశిల్పి గీసిన గీత మాట యేమి?

ఆ శిల్పి బాపు. అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురమున జన్మించి, మద్రాసులో పెరిగి, 1955లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి. నల్లకోటు తొడుగవలసిన చేయి కుంచె పట్టినది.

తెలుగు వ్యంగ్యచిత్రమునకు ఆద్యులు తలిశెట్టి రామారావు. ఆయన వేసిన కాలిబాటను బాపు రాజవీథి గావించిరి. ‘ఆంధ్రపత్రిక’లో వ్యంగ్యచిత్రకారులుగా పనిచేసిరి. బాల్యమిత్రులు ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ను వ్రాయగా, దానికి రూపమిచ్చినది బాపు. బుడుగు, సీగానపెసూనాంబ అనగానే తెలుగువాని కన్నులకు కట్టునది ఆ బొమ్మలే.

ఆయన గీత మిక్కిలి పొదుపరి. సన్నగా మొదలై, మలుపున బలిసి, మరల సన్నమై ముగియును. జడకు ఒక్క ఒంపు, కంటికి రెండు గీతలు. విడిచిన తెలుపే వెలుగు. వ్యాకరణము చదువు విద్యార్థికి ఇది సూత్రరచనవలె తోచును: తీసివేయదగినది ఒక్కటియు లేదు. బొమ్మక్రింది మాటలను తమ దస్తూరితోనే వ్రాసెడివారు. ఆ దస్తూరి నేడు అచ్చక్షరముల రూపమున వాడుకలో నున్నది.

హాస్యమందును అదే పొదుపు. ఆలుమగల అలుకలు, బడిపిల్లల గడుసుదనము, గుమాస్తాల అగచాట్లు ఆయనకు వస్తువులు. ఆ నవ్వులో చురుకున్నది, కసి లేదు. తన్ను చూచి తానే నవ్వుకొనుట పాఠకుడు అచ్చట నేర్చుకొనెను.

1967లో ‘సాక్షి’తో చలనచిత్ర దర్శకులైరి. ‘ముత్యాల ముగ్గు’ వంటి చిత్రములందును ప్రతి దృశ్యము గీసిన బొమ్మవలె నుండును. 2013లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూసిరి.

చక్కని పిల్లను ‘బాపు బొమ్మ’ యనుట నుడికారమైనది. మాట నిలిచినది, మరి బొమ్మలో? పాఠశాల గ్రంథాలయపు మూలలో పాత వారపత్రికల కట్ట యున్నచో, తూకమునకు వేయకముందు ఉపాధ్యాయులు దానిని పిల్లలచేత ఒకమారు విప్పించవలెను. ఆ గీత వెంట ఒక పిల్లవాని వ్రేలు నడచినను చాలును. సోమశిలలో రాళ్ళు మోసిన శ్రమకన్న ఇది ఎంతో తేలిక.