తనను తాను గీసుకునే బొమ్మ

విత్తనం మొక్క అవుతుంది. ఆ మొక్క మళ్ళీ అలాంటి విత్తనాలనే ఇస్తుంది. ప్రాణం లేనిది కూడా తనలాంటి మరొకదాన్ని తయారు చేసుకోగలదా?

చదరపు గళ్ళ కాగితం మీద నడుమ ఉన్న ఒక గడిని నలుపు చేయండి. తక్కినవన్నీ తెలుపు. ప్రతి గడికీ పైన, కింద, కుడివైపు, ఎడమవైపు నాలుగు పొరుగు గళ్ళుంటాయి. నియమం ఒక్కటే. పొరుగు గళ్ళలో నల్లనివి బేసి సంఖ్యలో ఉంటే ఆ గడి తరువాతి తరంలో నలుపవుతుంది. సరి సంఖ్యలో ఉన్నా, అసలు లేకపోయినా తెలుపవుతుంది. గళ్ళన్నీ ఒకేసారి మారాలి కనుక ప్రతి తరాన్నీ వేరే కాగితం మీద గీయడం మంచిది.

మొదటి తరంలో నడిమి గడి తెల్లబడి, దాని నాలుగు పక్కలా నాలుగు నల్లగళ్ళు ఏర్పడతాయి. రెండవ తరంలో నడిమి గడికి రెండేసి గళ్ళ దూరంలో నాలుగు కనిపిస్తాయి. ఎనిమిది గళ్ళ పొడవు, ఎనిమిది గళ్ళ వెడల్పు గల చోటులో ‘అ’ అక్షరాన్ని గీస్తే, మధ్య తరాలలో అది చిందరవందరవుతుంది. ఎనిమిదవ తరంలో మాత్రం నాలుగు దిక్కులా నాలుగు ‘అ’లు ప్రత్యక్షమవుతాయి. అసలు అక్షరం ఉన్న చోటు ఖాళీ! ఈ నియమాన్ని రూపొందించినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్. ఇలా పొరుగును బట్టి మారే గళ్ళ ఏర్పాట్లను సెల్యులర్ ఆటోమేటా అంటారు.

ముచ్చటగానే ఉంది కాని, ఇక్కడ పిచ్చిగీత గీసినా నాలుగవుతుంది. నకలు తీస్తున్నది నియమమే తప్ప బొమ్మ కాదు.

బొమ్మే తన నకలును కట్టుకోవాలని కోరినవాడు జాన్ వాన్ న్యూమన్. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త ఆయన. గళ్ళ మీద ఆలోచించమని ఆయనకు సూచించినవాడు మిత్రుడు స్టానిస్లా ఉలామ్. అయితే ఒక చిక్కు వచ్చింది. యంత్రం తనను తాను కట్టుకోవాలంటే తన పటం తనలోనే ఉండాలి. ఆ పటంలో మళ్ళీ పటం, దానిలో మరొక పటం, దీనికి అంతేముంది? వాన్ న్యూమన్ పటాన్ని రెండు విధాలుగా వాడించాడు. మొదట అందులోని ఆజ్ఞల ప్రకారం పిల్లయంత్రాన్ని కట్టాలి. తరువాత అర్థంతో పని లేకుండా పటాన్ని ఉన్నదున్నట్లు ఎత్తిరాసి ఆ పిల్లకు ఇవ్వాలి. పుస్తకం చూసి వంట చేయడం వేరు, ఆ పుస్తకాన్ని ఎత్తిరాయడం వేరు కదా! ఆయన గళ్ళలో ఒక్కొక్కదానికి 29 స్థితులు. 1957లో ఆయన మరణించగా, ఆర్థర్ బర్క్స్ ఆ రచనను పూర్తిచేసి 1966లో వెలువరించాడు. జీవకణాలలోని డి.ఎన్.ఎ. కూడా ఇలాగే రెండు విధాలుగా పనిచేస్తుంది. దాని నిర్మాణం తెలిసినది 1953లో. వాన్ న్యూమన్ ఈ ఆలోచనను 1948లోనే ఉపన్యాసంలో చెప్పాడు.

1970లో ఇంగ్లండు గణితవేత్త జాన్ కాన్వే రెండే స్థితులతో ‘లైఫ్’ అనే ఆటను రూపొందించాడు. అందులో తన నకలును తానే కట్టుకునే బొమ్మ కోసం నలభై ఏళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది. 2010లో ఆండ్రూ వేడ్ రూపొందించిన ‘జెమిని’ కొత్త నకలును కట్టి, పాతదాన్ని చెరిపివేస్తుంది. అందుకు దానికి పట్టే తరాలు 3,36,99,586.