ఫైలు తోక, స్ఫింక్స్ లెక్క

"లోపలున్నది చదివి తెలుసుకోవచ్చు కదా సార్, పేరు చివర చూసి నమ్మేయడం ఏంటి?" అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పీడీఎఫ్ అయితే మొదటి బైట్లలోనే తానెవరో చెప్పేసుకుంటుంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్, మార్క్‌డౌన్ రెండూ ఉత్త టెక్స్టే, అలాంటి ముద్ర ఉండదు. పైగా సగం అలవాట్లు ఒకటే: మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రం గుర్తులు (**) పెడితే రెండింట్లోనూ బోల్డే. తేడా తెలిసేది # దగ్గర. మార్క్‌డౌన్‌లో అది శీర్షిక; అదే ఫైలు రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ చదివే పార్సర్ చేతిలో పడితే #తో సహా మామూలు పేరాగా అచ్చవుతుంది. ఎర్రర్ కూడా రాదు, అదీ చిక్కు!

అందుకే పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం పుట్టి 2008లో బయటికొచ్చిన స్ఫింక్స్ అనే సాధనం తోకనే, అంటే ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌నే, నమ్ముతుంది. నాకు ముచ్చటేసేది ఆ నమ్మకంలోని రెండు మెట్లు. కాన్ఫిగ్ ఫైల్లోని పట్టిక డాట్ ఎండీ తోకకు 'మార్క్‌డౌన్' అని ఒక రకం పేరు ఇస్తుంది, అంతే. ఏ పార్సరో దానికి తెలియదు. పార్సర్లేమో 'ఈ రకం నాది' అని విడిగా నమోదు చేసుకుంటాయి. పట్టిక ప్రాజెక్టుకొకటి కాబట్టి, డాట్ టీఎక్స్‌టీని ఒక ప్రాజెక్టు మార్క్‌డౌన్‌గా, ఇంకోటి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌గా చదివించుకోగలవు. మధ్యలో ఆ పేరు ఉండబట్టే, పార్సర్ మారినా పట్టికను ముట్టుకోనక్కర్లేదు. ఏది చదివినా చివరికి తయారయ్యేది ఒకే రకం పత్రం చెట్టు, అంటే డాక్‌ట్రీ. హెచ్‌టీఎంఎల్ రాసే భాగానికి అసలు ఫైలు ఏ భాషలో ఉండేదో పట్టదు.

తోక తీసేస్తే మిగిలేదే పత్రం పేరు. కాబట్టి ఒకే ఫోల్డర్లో ఇండెక్స్ డాట్ ఆర్‌ఎస్‌టీ, ఇండెక్స్ డాట్ ఎండీ రెండూ ఉంటే పేరు ఒక్కటే అవుతుంది. స్ఫింక్స్ హెచ్చరించి ఒకదాన్ని ఎంచుకుంటుంది, రెండోది పుస్తకంలోకి రాదు. హెచ్చరికలు ఎవరు చదువుతారంటారా, అది వేరే సంగతి.

ఈ రెండు మెట్ల ఏర్పాటు మొదట్నుంచీ లేదు. 2018లో వచ్చిన స్ఫింక్స్ 1.8కి ముందు తోకను నేరుగా పార్సర్‌కే ముడివేసేవారు. తర్వాత మార్క్‌డౌన్ చదివే రీకామన్‌మార్క్ పక్కకు తప్పుకుని మిస్ట్ పార్సర్ వచ్చింది. రెండు భాషల పోటీని అది తమాషాగా తేల్చింది: డాట్ ఎండీ ఫైలు మధ్యలోనే ఇవాల్-ఆర్‌ఎస్‌టీ అని ఒక పెట్టె తెరిస్తే, అందులోని వరుసలు మాత్రం రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ పార్సర్‌కే వెళ్తాయి, తోక ఏం చెప్పినా సరే.