టార్క్వాటస్ అనగా కంటెగలది

జంతుశాస్త్ర గ్రంథములలో కొన్ని పక్షుల పేర్ల చివర "టార్క్వాటస్" అను మాట కనబడును. దీనిని చూచి మనము బెదరనక్కరలేదు. లాటిను భాషలో "టార్క్వేరె" అనగా మెలిపెట్టుట. లోహమును మెలిపెట్టి చేసిన కంఠాభరణమునకు "టార్క్వెస్" అని పేరు. గాలు జాతివారు దానిని ధరించెడివారు. క్రీ. పూ. 361లో టైటస్ మాన్లియస్ అను రోమను వీరుడు ద్వంద్వయుద్ధమున గాలు యోధునొకనిని చంపి, వాని హారమును తాను ధరించి "టార్క్వాటస్" అను బిరుదము పొందెనని చరిత్రకారులు వ్రాసిరి.

1758లో లిన్నేయస్ పండితుడు ఐరోపాలోని యొక నల్లపిట్టకు "టర్డస్ టార్క్వాటస్" అని పేరిడెను. దాని ఱొమ్ముపై తెల్లని నెలవంక చార కలదు.

మన అవ్వలు మెడను ధరించిన వెండి కంటె యిట్టి ఆభరణమే. కావున టార్క్వాటస్ అనగా "కంటెగలది" యని మనము చెప్పుకొనవచ్చును. ఇంటిమాట నెఱిగినవారికి శాస్త్రపుమాట పరాయిది కాదు.